కుందేలు ట్రే మరిచిపోలేదు, ఎందుకు మానేసిందో ముందు చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ కుందేలు చిన్నికి రెండేళ్లు, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఏడాదిన్నరగా బాల్కనీ గుమ్మం పక్కన పెట్టిన ట్రేలోనే అన్నీ కానిచ్చేది. సంక్రాంతికి మీరు శ్రీకాకుళం వెళ్తూ పది రోజులు ఎంవీపీ కాలనీలో మీ ఆడపడుచు గారింట్లో వదిలారు. సీతమ్మధార తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మంచం మీద, సోఫా మీద ఉచ్చ పోస్తోంది, హాలంతా పెంటికలు. వదిలేసి వెళ్లామని కక్ష తీర్చుకుంటోందని మీ అత్తగారు అంటున్నారు. మీరేమో తిట్టి చూశారు, ఫినాయిల్ పెట్టి తుడిచి చూశారు, మంచం మీద పోసినప్పుడల్లా తీసుకెళ్లి ట్రేలో కూర్చోబెట్టి చూశారు. ఏదీ పనిచేయలేదు.

కక్ష కాదమ్మా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాళ్లతో మనం గెలవలేం గానీ, మీ అత్తగారికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి: కుందేలు దృష్టిలో ఉచ్చ అసహ్యమైనది కాదు, అది తన చిరునామా. మిమ్మల్ని బాధపెట్టడానికి తన చిరునామా మీ దుప్పటి మీద రాయాలన్న ఆలోచన దానికి రాదు. ఇది నాదీ, ఈ మనిషి వాసన నాదీ అని చెప్పుకోవడానికే రాస్తుంది.

దీని వెనక చిన్న సంగతి ఉంది. మన కొండల్లో, జీడితోటల్లో కనిపించే చెవులపిల్లి వేరు, ఇళ్లలో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి ఒంటరిది. బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న గుంటలాంటి చోట పడుకుంటుంది. పైగా దాన్ని పట్టి పెంచడం చట్టరీత్యా నేరం. మన పెంపుడు కుందేళ్లన్నీ ఐరోపా అడవి కుందేలు సంతతి. అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతుకుతాయి, గుంపంతా కొన్ని నిర్ణీత చోట్లకే వెళ్లి పెంటికలు వేస్తాయి. ఆ కుప్పలే వాటి సరిహద్దు రాళ్లు. ట్రే అలవాటు మనం నేర్పిన విద్య అనుకుంటాం గానీ, అది పుట్టుకతో ఉన్న బుద్ధి. మనం చేసిందల్లా చోటు చూపించడమే. అందుకే అది మరిచిపోదు. మానేసిందంటే ఒంట్లో ఏదో మారింది, లేదా ఇంట్లో ఏదో మారింది, లేదా ట్రేలోనే ఏదో నచ్చలేదు.

ముందు ఒళ్లు. మళ్లీ నేర్పడం మొదలుపెట్టేముందు రెండు రోజులు గమనించండి. పెంటికలు అక్కడొకటి ఇక్కడొకటి రాలుతున్నాయా, ఉచ్చ మడుగులా ఉందా, చుక్కలు చుక్కలుగా ఉందా? ఈ తేడాలోనే సగం సమాధానం ఉంటుంది. ఎండిన గుండ్రటి పెంటికలు గోడల వెంట, గుమ్మాల దగ్గర చల్లినట్టు ఉంటే అది సరిహద్దు వేసుకోవడం, రోగం కాదు. పెద్ద మడుగు ఒకేచోట, ముఖ్యంగా మెత్తటి వాటి మీద ఉంటే హార్మోన్లో, బెంగో, ట్రే మీద అయిష్టమో. చిన్న చిన్న చుక్కలు పలుచోట్ల ఉంటే, కూర్చుని ముక్కుతుంటే, వెనక కాళ్ల లోపలి వైపు తడిసి ఉంటే, ఉచ్చ చిక్కగా టూత్‌పేస్టులా తెల్లగా వస్తుంటే, నా జవాబు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉచ్చ అసలే రాకపోయినా, పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా అదే రోజు వెళ్లాలి, రేపు కాదు.

కుందేలు ఒంట్లో కాల్షియం లెక్క వేరుగా నడుస్తుంది. తిన్న దాంట్లో కాల్షియం చాలావరకు ఒంట్లోకి పోయి, మిగులు ఉచ్చలో బయటికి వస్తుంది. అందుకే ట్రే అడుగున సున్నంలాంటి పొర కడుతుంది. అది కొంచెం ఉంటే మామూలే. మరీ ఎక్కువైతే మూత్రాశయంలో బురదలా పేరుకుంటుంది, రాయి కూడా అవుతుంది. అది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ఉచ్చ పోస్తుంటే నొప్పి, ఆ నొప్పి ట్రేలో ఉన్నప్పుడే కలిగింది కాబట్టి ట్రే అంటేనే భయం. మీరు పెడుతున్నది లూసర్న్ అనే పశుగ్రాసం (అందులోనూ కాల్షియం ఎక్కువే) కలిసిన గుళికల దాణాయేమో సంచి మీద చూడండి. ఇక్కడి దుకాణాల్లో ఎక్కువ అవే దొరుకుతాయి. ఎదిగే పిల్లలకి సరే, రెండేళ్ల దానికి రోజూ గిన్నె నిండా అక్కర్లేదు. మునగాకు మనకి ఎంత మంచిదో అందరూ చెబుతారు, అందులోని కాల్షియం వల్లే కుందేలుకి రోజూ పెట్టేది కాదు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు మార్చి మార్చి పెట్టండి. రైతుబజారులో క్యారెట్లు కొంటూ ఆకులు అడిగితే చాలాసార్లు ఊరికే ఇస్తారు.

ఉచ్చ ఎర్రగా కనిపిస్తే హడలిపోకండి. తిన్న ఆకుల రంగుని బట్టి పసుపు, నారింజ, ఇటుక రంగు కూడా వస్తుంది. అదంతా రక్తం కాదు. అయితే ఒకటి రెండు రోజుల్లో రంగు మారకపోయినా, మడుగు మధ్యలో విడిగా ఎర్ర మరకలు కనిపించినా పరీక్ష చేయించాలి. ఆపరేషన్ కాని ఆడ కుందేలుకి గర్భసంచి నుంచి రక్తం వచ్చే జబ్బు కూడా ఉంటుంది.

నేల మీద ద్రాక్షగుత్తిలా మెత్తగా, జిగటగా, వాసనతో కనిపించేది మాత్రం వేరే విషయం. దాన్ని అది నేరుగా నోటితో తినేస్తుంది, అందులోనే దానికి కావలసిన విటమిన్లు ఉంటాయి. అది కిందపడి మిగిలిపోతోందంటే దాణా ఎక్కువై గడ్డి తక్కువైందని అర్థం. దానికి ట్రే శిక్షణతో పనిలేదు, గిన్నె తగ్గించడమే మందు.

ఇక మీరు రాయని ఒక సంగతి. మీ ఆడపడుచు గారింట్లో ఇంకో కుందేలు ఉందా?

ఉంటే కథ మారిపోతుంది. కుందేలుకి నెలనెలా అండం రావడం లాంటిది ఉండదు, జత కలిసినప్పుడే వస్తుంది. మగది ఉంటే కడుపు నిలవడానికి అరనిమిషం చాలు. కుందేలు మోసేది ముప్ఫై ఒక్క రోజులు, అటూ ఇటూ ఒకటి రెండు రోజులు. సంక్రాంతి రోజుల నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి మధ్యకల్లా మీ ఇంట్లో పిల్లలుండొచ్చు. ఉన్నది ఆడదైనా సరే, రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కడంతోనే దొంగ కడుపు వస్తుంది. రెండు మూడు వారాలు నిజంగా కడుపుతో ఉన్నట్టే చేస్తుంది: ఛాతీ మీద, మెడ కింద బొచ్చు పీక్కుంటుంది, నోటి నిండా గడ్డి కరుచుకుని తిరుగుతుంది, ట్రేనే గూడు చేసుకుంటుంది. గూట్లో ఎవరు పోసుకుంటారు? అందుకని బయట పోస్తుంది. ఇవి కనిపిస్తే శిక్షణ ఆపేసి, గూడుకి వేరే అట్టపెట్టె ఇచ్చి, ఆ రోజులు గడవనివ్వండి.

ఆపరేషన్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను, చేయించండి. అలవాటు తప్పిన ఆడ కుందేలుకి మిగతావన్నీ చేసి ఇది చేయకపోతే సగం పనే అయినట్టు. మగవాటిలాగే ఆడవి కూడా హార్మోన్ల ఊపులో ఉచ్చ చిమ్ముతాయి. వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ భయం ఒకటి, దాన్నీ ఇదే తప్పిస్తుంది. ఆడదానికి పొట్ట కోసి చేసే ఆపరేషన్ కాబట్టి కుక్కలకీ పిల్లులకీ చేసే అనుభవం చాలదు. “కుందేళ్లకి ఎన్ని చేశారు, మత్తు ఏమిస్తారు, తర్వాత నొప్పికి ఏమిస్తారు” అని అడగండి. ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టమన్నారంటే అక్కడ చేయించకండి. కుందేలుకి వాంతి రాదు, పస్తు అక్కర్లేదు. పైగా పేగుల కదలిక ఆగితే అదే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడే మంచం పొడిగా ఉంటుందనుకోకండి, హార్మోన్లు సద్దుమణగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

సరే, డాక్టర్ చూసి ఒంట్లో ఏమీ లేదన్నారనుకుందాం. అప్పుడు మళ్లీ నేర్పడమంటే ఒకటే, చోటు తగ్గించడం. త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటంతా దానికి ఒకేసారి ఇవ్వకండి. పది రోజులు వేరే ఇంట్లో ఉండొచ్చింది, మన ఇల్లు దానికి ఇప్పుడు సగం కొత్త. ఆ కొత్తంతా తన వాసనతో నింపాలని దాని తాపత్రయం. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు చాలు. అమ్మే కంచెలు కొనొచ్చు, లేదంటే కిటికీ గ్రిల్స్ చేసేవాళ్ల దగ్గర సన్నటి జాలీ పలకలు నాలుగు కోయించి ప్లాస్టిక్ టైలతో కట్టినా సరిపోతుంది. ఎత్తు మూడడుగులకి తక్కువ ఉండకూడదు. మా కుందేలు బూరె రెండడుగుల జాలీని నిలుచున్న చోట నుంచే దూకేసింది. తినేదీ తాగేదీ పడుకునేదీ అన్నీ ఆ చోట్లోనే.

అందులో పెట్టే ట్రే విషయంలోనే చాలామంది తప్పు చేస్తారు. పిల్లుల కోసం అమ్మే చిన్న ట్రేలో రెండు కిలోల కుందేలు తిరగలేదు, ముందు కాళ్లు లోపలుంటాయి, పని మాత్రం బయట అవుతుంది. పాపం అది లోపలే పోశాననుకుంటుంది. నేను వాడేది మేస్త్రీలు సిమెంటు కలుపుకునే ప్లాస్టిక్ గమేళా, పెద్ద సైజుది. పొడుగు కావాలంటే బట్టలు నానబెట్టే వెడల్పాటి బేసిను. కుందేలు అందులో కాళ్లు చాపి పడుకోగలగాలి. టైల్స్ మీద ట్రే జారితే భయపడి మళ్లీ ఎక్కదు, కింద తడి గోనెసంచి మడిచి వేయండి. ట్రే దాకా వెళ్లే దారిలో కూడా పాత జంపఖానా పరిచి చూడండి. నున్నటి టైల్స్ మీద నడవడానికి జంకి, దగ్గర్లో ఉన్న మెత్తటి సోఫానే ఎంచుకునేవి నేను చాలా చూశాను. వయసు మళ్లిన వాటికి మోకాళ్ల నొప్పులుంటాయి, వాటికి ట్రే అంచు ఒకవైపు కోసి దించాలి. మీ చిన్నికి ఆ అవసరం ఉండదు.

లోపల ఏం వేయాలి? పాత వార్తాపత్రికలు చింపి రెండంగుళాల మందం, పైన ఎండుగడ్డి. అంతే. ముద్దకట్టే పిల్లి మట్టి వద్దు, కుందేలు ప్రతిదీ కొరికి చూస్తుంది, ఆ మట్టి కడుపులో ఉబ్బుతుంది. కలప డిపోల్లో ఊరికే ఇచ్చే రంపపు పొట్టూ వద్దు. దాని ధూళి ముక్కుకి పడుతుంది, మెత్తకలప వాసనలు కాలేయానికి మంచివి కావు. ఊక కూడా అంతే, ధూళి. వరిగడ్డి ట్రేలో పరవడానికి బావుంటుంది గానీ తిండికి అదొక్కటే చాలదు. తినడానికి టిమోతీ అనే రకం ఎండుగడ్డి దొరికితే మంచిది, ఖరీదు ఎక్కువ. మందు కొట్టని చోట పెరిగిన గరిక కోసి, కడిగి, బాగా ఎండబెట్టినా తింటుంది. రోడ్డు పక్కది వద్దు. వైజాగ్‌లో గడ్డి నిల్వ చేయడం ఒక తలనొప్పి. సముద్రపు తేమకి, వానాకాలంలో మరీ, వారం తిరక్కుండానే బూజు వాసన వస్తుంది. కాబట్టి పెద్ద మూట కొనకండి. ఎండ కాసిన రోజు డాబా మీద ఆరబెట్టి, గాలాడే గుడ్డసంచిలో పెట్టుకోండి.

గడ్డి తొట్టి ఎక్కడుందన్నది అన్నిటికంటే ముఖ్యం. కుందేలు నములుతూనే పెంటికలు వేస్తుంది, రోజుకి రెండు మూడు వందలు. ట్రేలో కూర్చుంటే తప్ప గడ్డి అందకుండా పెడితే సగం పని దానంతటదే అవుతుంది. మీరు పంపిన ఫోటోలో గడ్డి గదికి ఈ మూల, ట్రే ఆ మూల ఉన్నాయి. ఇదివరకు అలవాటు బలంగా ఉండి నడిచిపోయింది, ఇప్పుడు నడవదు.

మంచం మీద పోసినది కాగితంతో అద్ది, ఆ కాగితం, నాలుగు పెంటికలు తెచ్చి ట్రేలో వేయండి. చిరునామా అక్కడికి మారుస్తున్నామన్నమాట. ట్రేని రోజూ తళతళలాడేలా కడగకండి. కడిగినప్పుడు పాత గడ్డి ఒక గుప్పెడు మిగల్చండి. దానికి విరుద్ధంగా, పోయకూడని చోట వాసన పూర్తిగా పోవాలి. ఇక్కడే ఫినాయిల్ మోసం చేస్తుంది. మన ముక్కుకి వాసన పోయినట్టుంటుంది, దాని ముక్కుకి పోదు. పైగా ఆ ఘాటు దానికి పడదు. బ్లీచింగ్ పౌడర్ అసలే వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే వచ్చే ఆవిరి మీకే ప్రమాదం. కిరాణా షాపులో దొరికే తెల్ల వినెగర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి, పది నిమిషాలు నానబెట్టి తుడవండి. ట్రే అడుగున సున్నం పొరా దాంతోనే కరుగుతుంది. ఒక్క జాగ్రత్త: మీ ఫ్లాటులో మార్బుల్ ఉంటే దాని మీద వినెగర్ పోయకండి, మెరుపు పోయి మచ్చ పడుతుంది. నేను పోశాను. హాల్లో అరచేయంత మచ్చ మీద ఇప్పటికీ పీట వేసి ఉంచాను. మార్బుల్‌కి గిన్నెల సబ్బు నీళ్లు, ఆపైన ఎంజైమ్ క్లీనర్. దూది పరుపైతే వినెగర్ చల్లి రెండు రోజులు మంచి ఎండలో వేయాలి, వాటర్‌ప్రూఫ్ కవరు వేశాకే మంచం మీద పెట్టాలి.

మూడు నాలుగు రోజులు కంచెలోనే ఉంచండి. అన్నీ ట్రేలోనే పడుతున్నాయనిపిస్తే, కంచె తలుపు తీసి పదిహేను నిమిషాలు మీ కళ్లెదుట వదలండి. అదీ ట్రే వాడిన వెంటనే, మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు. తోక ఎత్తి మూలకి వెనక్కి వెళ్తుంటే అది సంకేతం, మెల్లగా ట్రే వైపు నడిపించండి. ఎత్తి పట్టుకెళ్లకండి. మీరు చేసింది అదే: మంచం మీద పోసినప్పుడల్లా ఎత్తి ట్రేలో పడేయడం. ఎత్తడమే కుందేలుకి శిక్ష, గద్ద ఎత్తుకుపోయినట్టు ఉంటుంది దానికి. చివరికి దాని బుర్రలో మిగిలింది ట్రే అంటే భయం. దాని ముక్కుని ఉచ్చకి రుద్దడం, చప్పట్లు కొట్టి బెదిరించడం కూడా ఇంతే. ట్రేలో పోసినప్పుడు కొత్తిమీర రెబ్బ ఇవ్వండి, అక్కడికక్కడే, వంటింట్లోకి వెళ్లి తెచ్చేలోపు అది మరిచిపోతుంది.

తర్వాత గంట, ఆ తర్వాత హాలంతా, ఆపైన ఇంకో గది. రెండు తప్పులు జరిగితే ఒక మెట్టు కిందికి. ఎన్నాళ్లంటే, కొన్ని వారంలో దారికొస్తాయి, కొన్నిటికి నెల దాటుతుంది. పడకగది అన్నిటికంటే చివర. రాత్రిళ్లు తలుపు వేసి ఉంచండి.

ఒక్కోసారి అది మనకంటే మొండిగా ఒక మూలని ఎంచుకుంటుంది. అప్పుడు మనమే తగ్గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా గాజువాక ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి, మేమూ బూరె అంతా బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నాం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, చీకటి. అప్పట్నుంచీ బూరె తన ట్రే మొహం చూడలేదు, బాత్రూంలో బకెట్ వెనక మూలకే పరుగు. వారం దాన్ని అక్కణ్నుంచి తరిమాను, అది వారం పాటు తిరిగి అక్కడికే వెళ్లింది. ఆఖరికి ట్రేనే తీసుకెళ్లి ఆ మూలన పెట్టాను. రోజుకి జానెడు చొప్పున గుమ్మం దాటించి, వరండా మీదుగా దాని పాత చోటికి తేవడానికి ఇరవై రోజులు పైనే పట్టింది. మధ్యలో ఒకరోజు తొందరపడి మూడడుగులు జరిపాను, మళ్లీ బకెట్ వెనకే పోసింది. మీ చిన్ని కూడా సోఫా పక్కన ఒక్క మూలనే పట్టుబడితే, కొన్నాళ్లు ట్రే అక్కడే పెట్టండి. ఇల్లు అందంగా ఉండాలన్న కోరిక కాస్త వాయిదా.

ట్రే పెట్టిన చోటు కూడా ఒకసారి దాని కళ్లతో చూడండి. బాల్కనీ గుమ్మం పక్కన అన్నారు. వీధి పిల్లి ఎప్పుడైనా గోడెక్కి కూర్చుంటోందా? వాషింగ్ మెషీన్ అక్కడికి మార్చారా? బీచ్ రోడ్డు వైపు ఉండే మా స్నేహితురాలి కుందేళ్లు నేవీ విన్యాసాలకి విమానాలు తిరిగే రోజుల్లో కిటికీ పక్క ట్రే మానేసి మంచం కింద చేరతాయి. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఆ గుమ్మం దగ్గర ఎండ పడుతుంటే ట్రే మార్చక తప్పదు. ముప్ఫై డిగ్రీలు దాటితే చాలు కుందేలు అవస్థ పడుతుంది, మన ఉక్కకి ఇంకా ముందే. చల్లటి గదిలో, గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

మీ అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమన్న మాటకి మాత్రం ఒకటి. మరో ఇంటికి వెళ్తే ఇదే గొడవ అక్కడ మొదట్నుంచీ. ఆరు వారాలు గడువు అడగండి.

ఆడపడుచు గారింట్లో కుందేలు ఉందో లేదో రాయండి. ఉంటే అది మగదో ఆడదో వాళ్ల మాట మీద పోకండి. నాకు ఒక దుకాణంలో రెండూ ఆడవే అని అమ్మారు, నెలన్నర తిరగకుండా మా ఇంట్లో ఎనిమిదయ్యాయి. తోక కింద మీ కళ్లతో చూసి రాయండి.